వానలో కోరింగ మడ అడవి: వైజాగ్ నుంచి ఆదివారం పొద్దున్నే వెళ్లొచ్చా?

ఎంవీపీ కోడలు
ఈ ఆదివారం కాకినాడ దగ్గరున్న కోరింగ వెళ్దామని ఎప్పట్నుంచో ప్లాన్, తీరా చూస్తే ఫోన్లో వాన చూపిస్తోంది. మా ఆయనేమో వానలో అక్కడ బురద తప్ప ఏం చూస్తాం, కైలాసగిరి ఎక్కి బజ్జీలు తిని వచ్చేద్దాం అంటున్నారు, బాబేమో స్కూల్లో మడ అడవుల పాఠం అయిందని ఒకటే గోల, వదలట్లేదు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఆ చెక్క వంతెన మీద నడవగలరా? బోటు తిప్పుతారా? వైజాగ్‌లోనే మడ చెట్లు చూసే చోటేదైనా ఉంటే అదీ చెప్పండి ప్లీజ్.

గాజువాక కుర్రోడు
అక్కా, మన దగ్గర మడ చెట్లు లేకపోలేదు. మేఘాద్రిగెడ్డ నీళ్లు ఎయిర్‌పోర్టు పక్క నుంచి పోర్టు వైపు పోయే దారిలో ఉన్నాయి. కానీ అటంతా నేవీ, పోర్టు స్థలాలు, పిల్లాడిని ఏసుకుని తిరిగే పార్కు కాదు. కోరింగకే ఎల్లండి. కారైతే తెల్లారకముందే బయల్దేరి హైవే మీద కత్తిపూడి దాకా, అక్కడ ఎడమకి తిరిగి పిఠాపురం మీదుగా కాకినాడ, 150 కిలోమీటర్ల పైనే. ట్రైనైతే సామర్లకోటలో దిగిపోవచ్చు గానీ పెద్దావిడతో వానలో ఆ బస్సులూ ఆటోలూ ఎందుకు.

జగన్నాథపురం బాబాయ్
అమ్మా, నేను కాకినాడ వాణ్ణే, ఉద్యోగం మాత్రం మీ ఊళ్లో. వాన సంగతి తర్వాత, ముందు ఆటుపోట్ల టైం చూసుకోండి. పోటు మీద వెళ్తే నీళ్లూ చెట్ల తలకాయలూ తప్ప ఏం కనపడదు, మీ ఆయన అన్నదే నిజమవుద్ది. నీరు తీసినప్పుడు వెళ్తే బురదలోంచి మేకులు పాతినట్టు పైకి లేచిన వేర్లు కనిపిస్తాయి, ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి మడ చెట్టు వాటితోనే ఊపిరి పీలుస్తుంది, బాబుకి పాఠంలో చెప్పిన శ్వాస వేర్లు ఇవే. వాటి మధ్య బురద మీద గెంతే చిన్న చేపలుంటాయి, మడ్‌స్కిప్పర్లు అంటారు, సన్న తుంపరకి అవేం దాక్కోవు. ఒక డెక్క మాత్రం పెద్దగా ఉండే బుల్లి పీతలూ ఉంటాయి గానీ గట్టి వాన పడితే కన్నాల్లోకి పోతాయి. నీరు తీసే టైం రోజుకి ముప్పావు గంట పైనే ఆలస్యం అవుతూ పోతుంది, కాబట్టి ఎవరో పోయిన వారం వెళ్లిన టైం చెప్తే అది పట్టుకుని వెళ్లకండి.

వంతెన ఎత్తుగానే కట్టారు, కానీ తడిస్తే చెక్క మీద జారుడు ఉంటుంది. అత్తగారికి చెప్పులు కాకుండా పట్టు ఉన్న బూట్లు వేయించండి, మొదట్లో కొంత దూరం నడిపించి కూర్చోబెట్టినా చాలు, చెట్లు అక్కణ్ణుంచే మొదలు. ఇంకోటి, బాబుని ఆకులూ కొమ్మలూ తుంపనివ్వకండి. అక్కడ ఉండే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. తెల్ల మడ ఆకు మీద మామూలుగా ఉప్పు తేలి ఉంటుంది, వానకి కడుక్కుపోతుంది కాబట్టి అది చూడలేరు, అదొక్కటే లోటు.

కెమెరా పిచ్చి
చేపలు పట్టి తినే బావురుపిల్లి కనిపిస్తుందని పిల్లాడికి ఆశ పెట్టకండి మేడం. కోరింగ దానికి పేరే గానీ అది రాత్రి తిరిగే జంతువు, సందర్శకులు వచ్చే టైంకి ఎక్కడో పొదలో పడుకుని ఉంటుంది. నీటికుక్కలకైతే కొంచెం చాన్స్ ఉంది, అదీ అదృష్టమే. ఈ అడవి 1978లో అభయారణ్యం అయింది, 235 చదరపు కిలోమీటర్లు, మనం నడిచేది అందులో గోరంత. మబ్బు పట్టిన రోజు వెలుతురు మెత్తగా ఉంటుంది, ఫోటోలకి ఎండకంటే నాకు అదే ఇష్టం.

గాజువాక కుర్రోడు
బాబాయ్‌గారు వాన సంగతి తర్వాత అన్నారు గానీ ఏ వానో చూడాలి కదండీ. ఉత్త చినుకులైతే ఓకే. అల్పపీడనం అని వాతావరణ శాఖ చెప్తే మాత్రం బోటు ఆశ వదిలేయండి, గాలి ఎక్కువైతే ఆపేస్తారు, ఆపాలి కూడా.

జగన్నాథపురం బాబాయ్
ఆయ్, అది కరెక్టే బాబూ. అల్పపీడనం ఉంటే ఇంట్లోనే ఉండాలి, నేను చెప్పింది ఉత్త ముసురు గురించి.

ఎంవీపీ కోడలు
అందరికీ థాంక్సండి. ఆటుపోట్ల సంగతి అసలు తట్టనే లేదు, చూస్తే ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో నీరు తీసి ఉంటుందట. వాతావరణం శనివారం రాత్రి చూసి డిసైడ్ అవుతాం. దోమలు ఉంటాయా?

జగన్నాథపురం బాబాయ్
ఉంటాయా ఏంటమ్మా, మీకోసం ఎదురు చూస్తుంటాయి. ఫుల్ చేతుల చొక్కాలు వేసుకోండి, క్రీం ఇంట్లోనే రాసుకుని రండి. వచ్చేటప్పుడు కాకినాడలో గొట్టం కాజా తీసుకోండి, మీ ఆయన బజ్జీల బాధ మర్చిపోతారు.