కంట్లో వేసే ‘వెలుగు మందు’ నిజమేనా?

అలిపిరి_మెట్లు: మా నాన్నగారికి రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య కంటి జబ్బు. మొదట రేచీకటి, తర్వాత గొట్టంలోంచి చూస్తున్నట్టు చూపు ఇరుకైంది. ఇప్పుడు వెలుగు, చీకటి తేడా ఒక్కటే తెలుస్తుంది. కంట్లో ఇంజెక్షన్ వేస్తే చూపు వచ్చే మందు వచ్చిందని వాట్సాప్‌లో చూశాం. తిరుపతిలో దొరుకుతుందా?

చిత్తూరు_మామిడి: దొరకదండీ, అది ఇంకా ప్రయోగదశలోనే ఉంది. కానీ కట్టుకథ కాదు. ఈ జబ్బులో వెలుగును పట్టే రాడ్లు, కోన్లు అనే కణాలు చచ్చిపోతాయి. వాటి తర్వాత మెదడుకు కబురు పంపే గాంగ్లియన్ కణాలు చాలావరకు బతికే ఉంటాయి. మందు వాటిలోకి చేరుతుంది. వెలుగు పడగానే ఆ అణువు ఆకారం మారి, కణం గోడలోని పొటాషియం దారులపై ప్రభావం చూపుతుంది. దాంతో కణం సంకేతం పంపుతుంది. 2012లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ క్రేమర్ అనే శాస్త్రవేత్త బృందం గుడ్డి ఎలుకల్లో దీన్ని చూపించింది. అప్పటి మందుకు చాలా తీవ్రమైన వెలుగు కావాల్సి వచ్చింది. 2014 నాటి మందుకు పగటి వెలుగు సరిపోయింది.

పుత్తూరు_కోడలు: మనుషుల మీద?

చిత్తూరు_మామిడి: ఇదే తరహా కేఐఓ-301 అనే మందును తొలి ప్రయోగంలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఆరుగురికి ఇచ్చారు. ఆరుగురే, గుర్తుంచుకోండి. ప్రభావం శాశ్వతం కాదు, మళ్ళీ మళ్ళీ వేయాలి. ముఖాలు గుర్తుపట్టే చూపును ఆశించవద్దు. కిటికీ ఎటు ఉందో, తలుపు ఎక్కడుందో తెలిస్తే అదే గొప్ప.

పుత్తూరు_కోడలు: మా అత్తగారికి చూపు తెప్పిస్తామన్న ఒకాయనకు నలభై వేలు పోశాం. చుక్కలు, లేహ్యం, పథ్యం. ఒరిగింది శూన్యం. ఆవిడకు మిగిలిన కాస్త చూపుకు నిజంగా పనికొచ్చింది నల్ల పళ్ళెం! స్టీలు పళ్ళెంలో తెల్లన్నం కనబడక చేత్తో తడిమేవారు, ఇప్పుడు ముద్ద ఎక్కడుందో చూసి తీసుకుంటారు.

అలిపిరి_మెట్లు: మాది మేనరికం. జన్యు పరీక్ష చేయించాలా?

చిత్తూరు_మామిడి: చేయించండి. ఆర్‌పీఈ65 జన్యువు లోపమైతే లక్స్‌టర్నా అనే జన్యు చికిత్స ఉంది, అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. దానికి వెలుగును పట్టే కణాలు కొన్నైనా బతికి ఉండాలి, కాబట్టి నాన్నగారి దశలో పనికిరాకపోవచ్చు. వెలుగు మందుకు మాత్రం ఏ జన్యువు చెడిందన్న పట్టింపు లేదు. ఈలోగా సదరం సర్టిఫికెట్, చేతికర్ర వాయిదా వేయకండి.

అలిపిరి_మెట్లు: ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. పరీక్షకు రక్తం ఇస్తానన్నారు. కంట్లో సూది సంగతి విన్నాక చేతికి గుచ్చేది ఆయనకు లెక్కలోకే రావడం లేదు.