పెద్ద టోర్నీకి బిడ్ వేస్తే ర్యాంపుల ఖర్చు ఎంతవుతుంది?

బెంజిసర్కిల్_వాసి:
2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌కి వచ్చాయి కదా, రేపు మన బెజవాడ కూడా ఏదో పెద్ద టోర్నీ అడిగిందనుకుందాం. వీల్‌చైర్ ఏర్పాట్లకే ఖర్చు తడిసి మోపెడవుతుందని మా ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా? మొన్న మా నాన్నగారిని ఒక మ్యాచ్‌కి తీసుకెళ్తే గేటు దగ్గర మూడు మెట్లు. నలుగురం కుర్చీతో సహా ఎత్తాం, ఆయన ఇంకెప్పుడూ రానన్నారు.

గుంటూరు_సివిల్:
కొత్తగా కట్టేటప్పుడు పెద్ద ఖర్చేం కాదండీ, కట్టేశాక పగలగొట్టి మార్చాలంటేనే జేబు చిరుగుతుంది. ర్యాంపు వాలు 1:12 ఉండాలి, అంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. మీ మూడు మెట్లు అడుగున్నర ఎత్తనుకుంటే 18 అడుగుల ర్యాంపు కావాలి, పాత గేటు ముందు అంత జాగా ఏది? చెరుకురసం బండి, దాని పక్కన బైకులు...

కృష్ణలంక_అక్క:
స్టేడియం సరే, అక్కడిదాకా చేరేదెలా? 2024 పారాలింపిక్స్ నాటికి కూడా పారిస్ మెట్రోలో వీల్‌చైర్‌కి పూర్తిగా వీలైన లైను 14వది ఒక్కటే, మెట్రో మొదలైంది 1900లో మరి. మన బందరు రోడ్డు ఫుట్‌పాత్ మీద కాళ్లున్నవాళ్లకే దిక్కులేదు.

బెంజిసర్కిల్_వాసి:
అంటే బస్సులు, ఫుట్‌పాత్‌లు వదిలేసి స్టేడియం ఖర్చే రాస్తే లెక్క తప్పినట్టేనా అక్కా?

గుంటూరు_సివిల్:
తప్పినట్టే. అయితే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇవి ఆటలు వచ్చినా రాకపోయినా చెయ్యాల్సినవే, మొత్తం ఆటల ఖాతాలో వేయడమూ దొంగలెక్కే. ఈసారి నాన్నగారిని తీసుకెళ్లేముందు టాయిలెట్ తలుపు వెడల్పు కూడా కనుక్కోండి.