అప్‌డేట్: కళింగపట్నం వీడియోలో ఆకాశంపై పడిన నల్లటి ఇంటూ గుర్తుకు కారణం తెలిసింది

వంశధార సముద్రంలో కలిసే చోట, మిట్టమధ్యాహ్నం లెన్స్‌ను 18 ఎంఎం వద్ద (విశాలమైన దృశ్యం పట్టే వైడ్ యాంగిల్‌లో) ఉంచి తీసిన వీడియోలో ఆకాశం నిండా ఇంటూ గుర్తులాంటి నల్లటి నీడ ఎందుకు పడుతున్నదని ఇంతకుముందు అడిగాను. సమాధానాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

సెన్సార్ (కెమెరా లోపల చిత్రాన్ని గ్రహించే భాగం) శుభ్రం చేయించమన్న సలహా మేరకు శ్రీకాకుళంలో ఒక మెకానిక్ వద్దకు వెళ్లగా, ఆయన కెమెరా తెరవనే లేదు. లెన్స్‌కు ముందు తగిలించి, రింగు తిప్పి వెలుగును తగ్గించుకునే వేరియబుల్ ఎన్‌డీ ఫిల్టర్‌ను విప్పి, నా కంటికి ఆనించి, కిటికీ వైపు చూడమని రింగును నెమ్మదిగా తిప్పారు. చివరి గీత దాటగానే అదే నల్లటి గుర్తు కనిపించింది. ఆ ఫిల్టర్‌లో ఉండేవి రెండు పోలరైజర్లు (ఒకే దిశలో కంపించే కాంతిని పోనిచ్చే పలకలు) కనుక, హద్దు మీరి తిప్పినప్పుడు వైడ్ యాంగిల్‌లో ఏటవాలుగా వచ్చే కాంతిని అవి అంతటా సమానంగా ఆపలేవట. ఫిల్టరే కారణం కావచ్చని ఇక్కడ ఒకరు ముందే చెప్పారు, నేనే పట్టించుకోలేదు.

మండుటెండలో ఐఎస్‌ఓ (కాంతికి కెమెరా స్పందన) 100, షటర్ 1/50 సెకను పెడితే ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) సుమారు ఎఫ్/22 అంత చిన్నదిగా కావాలి. నాకు అంతకన్నా పెద్ద రంధ్రమైన ఎఫ్/5.6 అవసరం కాబట్టి, నాలుగు స్టాపుల (ఒక్కో స్టాపుకు సగం చొప్పున) వెలుగు తగ్గించే ఎన్‌డీ16 స్థిర ఫిల్టర్ కొన్నాను. మొన్న అదే చోట, అదే వేళకు తీస్తే ఆకాశం శుభ్రంగా వచ్చింది.

అనుమానించదగిన లెన్స్ హుడ్‌కు (లెన్స్ ముందుండే ఎండ మరుగు), మెమరీ కార్డుకు దీనితో సంబంధం లేదు. పాత ఫిల్టర్‌ను పారేయలేదు. ఇరుకైన కోణం పట్టే 50 ఎంఎం వద్ద, చివరి గీతకు ముందే ఆపితే ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నది.