పాత జలాశయం కట్ట మరమ్మతు: తాకట్టు లేకుండా అప్పు పుడుతుందా?

మా నీటి సంఘం చూసుకుంటున్న సాగునీటి జలాశయానిది మట్టికట్ట. కట్టి యాభై ఏళ్లు దాటింది. నీటిమట్టం పూర్తిస్థాయికి రెండు మీటర్ల లోపుకి వచ్చిందంటే చాలు, కట్ట దిగువ అంచున, సరిగ్గా తూము గొట్టం పక్కన ఊట మొదలవుతుంది. ఇదివరకు తేటనీళ్లే వచ్చేవి. పోయిన సీజన్ నుంచి మురికిగా వస్తున్నాయి. సీసాలో పట్టి పక్కన పెడితే అడుగున సన్నటి ఒండ్రు పేరుకుంటోంది. అంటే కట్ట లోపలి మట్టి కోసుకుపోతోందన్నమాట, అసలు టెన్షన్ అదే. ప్రస్తుతానికి మట్టం తగ్గించి నడుపుతున్నాం.

ఇంజనీరు తూము చుట్టూ గ్రౌటింగ్ (ఖాళీల్లోకి సిమెంటు ద్రావణం లాంటిది ఎక్కించి పూడ్చడం), దిగువన ఇసుక, కంకరతో ఫిల్టర్, కట్ట పాదం వెంట డ్రెయిన్ వేయాలన్నారు. పని మీద ఎవరికీ అభ్యంతరం లేదు, డబ్బు దగ్గరే ఆగింది. ఎకరానికి ఇంత అని వేసుకుంటే అంచనాలో మూడో వంతు కూడా పోగవలేదు. మట్టం తగ్గించాక చివరి ఆయకట్టుకు నీళ్లు అందట్లేదు, రాని నీటికి డబ్బెందుకని వాళ్లు అడుగుతున్నారు (న్యాయమే). బ్యాంకు తాకట్టు అడిగింది. కట్టను తాకట్టు పెట్టలేం కదా! గ్రాంటుకు దరఖాస్తు చేస్తే, కొత్త నిర్మాణాలకే తప్ప మరమ్మతులకు ఇవ్వమన్నారు.

ఇక మిగిలింది రాబోయే ఏళ్ల నీటి తీరువాను హామీగా చూపించడమే. అలా అప్పు తెచ్చుకున్న సంఘాల వాళ్లు ఉంటే చెప్పండి: కరువొచ్చి వసూళ్లు పడిపోయిన ఏడాది వాయిదాకు ఏ ఏర్పాటు చూపిస్తే అప్పిచ్చేవాళ్లు ఒప్పుకున్నారు?