జెన్‌కిన్స్ బిల్డ్ వివరాలు కాన్‌ఫ్లుయెన్స్ పేజీలోకి: మీరెలా పంపుతున్నారు?

కృష్ణలంక_క్యూఏ
మా టీమ్‌లో టెస్టర్లకి, ప్రొడక్ట్ వాళ్లకి జెన్‌కిన్స్ (కోడ్ నుంచి బిల్డ్‌లు తయారుచేసే టూల్) లాగిన్ లేదు. పొద్దున్నే చాట్‌లో ఒకటే ప్రశ్న: "టెస్ట్ సర్వర్‌లో ఏ బిల్డ్ ఉంది?" ఒకాయన చేత్తో కాన్‌ఫ్లుయెన్స్‌లో (మా టీమ్ వికీ) పేజీ మారుస్తుంటారు. ఆయన సెలవు పెడితే పేజీ పాతబడిపోతుంది, టెస్టర్లు లేని ఫిక్స్ కోసం వెతుకుతూ కూర్చుంటారు. జెన్‌కిన్స్ నుంచి ఆ పేజీలోకి నేరుగా రాసే కాన్‌ఫ్లుయెన్స్ పబ్లిషర్ ప్లగిన్ వాడినవాళ్లు చెప్పండి. మాది సొంత సర్వర్‌లో నడిచే డేటా సెంటర్ వెర్షన్.

గోదావరి_డెవ్ఆప్స్
పెట్టుకోవడం తేలికేనండి. జెన్‌కిన్స్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో కాన్‌ఫ్లుయెన్స్ అడ్రస్, యూజర్ వివరాలు ఇచ్చి, జాబ్‌లో పోస్ట్ బిల్డ్ యాక్షన్‌గా (బిల్డ్ అయ్యాక జరిగే పని) స్పేస్ (పేజీలు ఉండే విభాగం), పేజీ పేరు ఇస్తే చాలు. జాబ్‌ని స్క్రిప్ట్‌గా రాసే పైప్‌లైన్‌లో అయితే అదే ఒక స్టెప్.

అసలు ఆలోచించాల్సింది పేజీలో ఎక్కడ రాయించాలన్నది. పేజీ మొత్తం తిరగరాయొచ్చు, పైన గానీ కింద గానీ చేర్చొచ్చు, లేదా రెండు టోకెన్ల (పేజీలో మనం గుర్తుగా పెట్టే మాటలు) మధ్య ఉన్నదాన్ని మాత్రమే మార్చొచ్చు. నా ఓటు చివరిదానికే. టెస్టర్లు అదే పేజీలో తమ నోట్సు రాసుకుంటారు, దాన్ని మెషీన్ ముట్టుకోకూడదు. టోకెన్ల పైన "ఈ భాగం ఆటోమేటిక్‌గా మారుతుంది, ఎడిట్ చేయకండి" అని ఒక లైను తప్పనిసరి. ఎవరైనా టోకెన్‌లో సగాన్ని బోల్డ్ చేసినా మధ్యలో ట్యాగ్ చేరుతుంది, ఇక ప్లగిన్‌కి ఆ టోకెన్ దొరకదు.

హన్మకొండ_బిల్డ్స్
నేను కింద చేర్చే పద్ధతికే మొగ్గుతా. చరిత్ర కళ్ల ముందు ఉంటుంది కదా.

గోదావరి_డెవ్ఆప్స్
అన్నా, ప్రతి కమిట్‌కీ (కోడ్‌లో చేర్చే ఒక్కో మార్పు) బిల్డ్ అయ్యే జాబ్‌కి అలా చేస్తే కొన్నాళ్లకి ఆ పేజీ తెరుచుకోవడమే కష్టం. పైగా కాన్‌ఫ్లుయెన్స్ ప్రతి మార్పునీ పేజీ హిస్టరీలో దాస్తుంది. రిలీజ్ బిల్డ్‌ల విషయంలో మాత్రం మీ మాట నిజం. డిస్క్ నిండకుండా పాత బిల్డ్‌లు తీసేసేలా జెన్‌కిన్స్‌ని సెట్ చేస్తాం కాబట్టి ఆర్నెల్ల తర్వాత ఆ లింకులు పనిచేయవు. రిలీజ్‌కి ఒక్కో పేజీ పెట్టి, వివరాలు అందులోనే పూర్తిగా రాయించండి.

స్టేజింగ్_సుజాత
బిల్డ్ పాస్ అవడం వేరు, సర్వర్ మీదకి వెళ్లడం వేరు. టెస్టర్‌కి కావాల్సింది రెండోది. అందుకే పేజీ మార్చే స్టెప్ బిల్డ్ జాబ్‌లో కాకుండా, బిల్డ్‌ని సర్వర్ మీద పెట్టే డిప్లాయ్ జాబ్ విజయవంతమైన తర్వాతే ఉండాలి. లేకపోతే పేజీ ఒకటి చెబుతుంది, సర్వర్‌లో ఇంకోటి ఉంటుంది. అలాంటి పేజీని వారంలోనే జనం నమ్మడం మానేస్తారు, మళ్లీ చాట్‌లోనే అడుగుతారు.

మేం చూపించేవి: ఏ సర్వర్, బ్రాంచ్, బిల్డ్ నంబర్, కమిట్ చిన్న ఐడీ, ఎన్ని టెస్టులు ఫెయిల్, కమిట్ సందేశాలు, టైమ్. టైమ్ పక్కన ఐఎస్‌టీ అని రాయండి. హైదరాబాద్‌లో ఒకరు, డల్లాస్‌లో ఒకరు ఉన్న టీమ్‌లో అది లేకపోతే గందరగోళమే.

కృష్ణలంక_క్యూఏ
ఇది చాలా ఉపయోగపడే మాట సుజాత గారూ. కమిట్ సందేశాలు నేరుగా పెట్టేయొచ్చా?

స్టేజింగ్_సుజాత
శుభ్రం చేసి పెట్టండి. వికీ మార్కప్‌లో స్క్వేర్ బ్రాకెట్ అంటే లింకు, కర్లీ బ్రాకెట్ అంటే మ్యాక్రో (పేజీలో ప్రత్యేక భాగం చేర్చే ఆదేశం). టికెట్ నంబర్‌ని బ్రాకెట్లలో రాసే అలవాటు అందరికీ ఉంటుంది, అది కాస్తా విరిగిన లింకవుతుంది. ప్లగిన్ లేకుండా రెస్ట్ ఏపీఐతో (ప్రోగ్రామ్ నుంచి కాన్‌ఫ్లుయెన్స్‌తో మాట్లాడే దారి) సొంత స్క్రిప్ట్ రాస్తే ఇంకో సంగతి. 2011లో వచ్చిన 4.0 నుంచి కాన్‌ఫ్లుయెన్స్ పేజీని ఎక్స్ఎంఎల్ రూపంలో దాస్తుంది. సందేశంలో ఒక్క యాంపర్‌శాండ్ (&) ఎస్కేప్ కాకుండా, అంటే & అని మార్చకుండా ఉన్నా అప్‌డేట్ తిరస్కరిస్తుంది.

రాత్రిషిఫ్ట్_శ్రీను
స్క్రిప్ట్ దారిలో చూసుకోవాల్సినవి ఇంకో రెండు ఉన్నాయి. పేజీ మార్చేటప్పుడు ప్రస్తుత వెర్షన్‌కి ఒకటి కలిపి పంపాలి. రెండు జాబ్‌లు ఒకేసారి రాయబోతే రెండోదానికి 409 ఎర్రర్ (వెర్షన్ కుదరలేదని) వస్తుంది. రాసే పని ఒకే జాబ్‌కి అప్పగిస్తే ఈ టెన్షన్ ఉండదు. రెండోది, పేజీని వాచ్ చేసేవాళ్లకి ప్రతి మార్పుకీ మెయిల్ పోతుంది. మైనర్ ఎడిట్‌గా పంపితే పోదు.

అకౌంట్ విషయం: ఉద్యోగి సొంత అకౌంట్ వద్దే వద్దు. దీనికోసమే ఒక సర్వీస్ అకౌంట్ తెరిచి, ఆ ఒక్క స్పేస్‌కే రాసే అనుమతి ఇవ్వండి. డేటా సెంటర్‌లో 7.9 నుంచి పర్సనల్ యాక్సెస్ టోకెన్లు (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య కీలు, పైన చెప్పిన పేజీ టోకెన్లు కావు) ఉన్నాయి. టోకెన్‌ని జెన్‌కిన్స్ క్రెడెన్షియల్స్‌లో పెట్టండి, పైప్‌లైన్ స్క్రిప్ట్ ఉండే జెన్‌కిన్స్‌ఫైల్‌లో రాయొద్దు. కన్సోల్ లాగ్‌ని పేజీలోకి ఎక్కించనే వద్దు, అందులో పాస్‌వర్డ్‌లు కనిపించే ప్రమాదం ఉంది.

హన్మకొండ_బిల్డ్స్
గిట్‌ల్యాబ్ వాడేవాళ్లకి: అక్కడ వికీయే ఒక గిట్ రెపో. క్లోన్ చేసి, మార్క్‌డౌన్ ఫైల్ మార్చి పుష్ చేస్తే సరి, ప్లగిన్ అక్కర్లేదు. గిట్‌హబ్ వికీ కూడా అంతే.

కృష్ణలంక_క్యూఏ
డిప్లాయ్ జాబ్ చివర, టోకెన్ల మధ్య రాయించడం. ఇదే పెడతాను. ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్) కూడా పేజీకి అటాచ్ చేయమంటున్నారు మా వాళ్లు. చేయొచ్చా?

గోదావరి_డెవ్ఆప్స్
ప్లగిన్ చేస్తుంది, కానీ నేనైతే చేయను. అదే పేరుతో మళ్లీ అటాచ్ చేస్తే కొత్త వెర్షన్ అవుతుంది, పాతది కూడా డిస్క్ మీదే ఉంటుంది. ఏపీకేని నెక్సస్, ఆర్టిఫ్యాక్టరీ లాంటి బిల్డ్ ఫైళ్ల స్టోరేజీలో ఉంచి పేజీలో లింకు ఇవ్వండి. టెస్ట్ రిపోర్ట్ లాంటి చిన్న ఫైల్ అయితే అటాచ్ చేసినా ఇబ్బంది లేదు.