పింక్ ఫ్లాయిడ్ 'ఎకోస్': లైవ్‌లో ఏది వినాలి?

రాత్రి_హెడ్‌ఫోన్స్:
మూడు నెలల నుంచి ఎకోస్ వినకపోతే నిద్ర పట్టట్లేదు నాకు. ఇంగ్లాండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ మెడిల్ ఆల్బమ్‌లో రెండో వైపంతా ఇదొక్క పాటే కదా, 23 నిమిషాల పైనే, లైట్లు ఆపేసి పెట్టుకుంటే మొదట్లో ఖాళీ బావిలో నీటి చుక్క పడ్డట్టు టింగ్‌మని ఒక్క సౌండ్ వస్తుంది చూడండి, అక్కడే పడిపోయా. అది ఏ వాయిద్యం? నిన్న ఇటలీలోని పాంపేయ్ శిథిలాల్లో వాళ్ళు వాయించిన సినిమా వీడియో కూడా చూశా, అక్కడ పాటని రెండు ముక్కలు చేసి సినిమా మొదట్లో సగం చివర్లో సగం పెట్టారు. లైవ్‌లో ఇంకేవి వినాలో చెప్పండి ప్లీజ్.

పాత_టేపులు:
పియానో అండీ అది. 1971 జనవరిలో అబ్బే రోడ్ స్టూడియోలో చేతిలో ఒక్క పాట కూడా లేకుండా మొదలుపెట్టారు, తోచిన ముక్కలన్నీ రికార్డు చేసుకుంటూ వాటికి 'నథింగ్' అని పేరు పెట్టి నంబర్లు వేసుకుంటూ పోయారు. వాటిలో ఒకటి, బ్యాండ్ కీబోర్డిస్ట్ రిక్ రైట్ పియానో మీద ఒకే ఒక్క నోట్ కొట్టి దాన్ని లోపల తిరుగుతూ ఉండే లెస్లీ స్పీకర్ గుండా పంపడం. తర్వాత సరిగ్గా రికార్డు చేద్దామని ఎంత ప్రయత్నించినా ఆ మోగుడు మళ్ళీ రాలేదంట, ఇక ఆ డెమో టేపునే తెచ్చి పాటకి అతికించేశారు, డ్రమ్మర్ నిక్ మేసన్ తన పుస్తకంలో రాశాడు ఈ సంగతి. అంటే మీరు రోజూ వింటున్నది మొదటిసారి పుట్టిన ఆ సౌండే!! మధ్యలో పక్షుల అరుపుల్లాంటివి గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్ గిటార్, వా పెడల్‌కి (కాలితో తొక్కి గిటార్ సౌండ్ మార్చేది) వైర్లు తిరగేసి పెడితే అలా కూస్తుంది.

గోదారి_గిటార్:
లైవ్ సంగతి నేను చెప్తా. ఆల్బమ్ రాకముందే, 1971 ఏప్రిల్ 22న నార్విచ్‌లో వాయించారు, అప్పటికి పేరు 'రిటర్న్ ఆఫ్ ది సన్ ఆఫ్ నథింగ్', మాటలు కూడా గ్రహాల గురించి ఉండేవి, తర్వాత బేస్ గిటారిస్ట్ రోజర్ వాటర్స్ వాటిని సముద్రం అడుక్కి దించాడు. పాంపేయ్ అదే ఏడాది అక్టోబర్‌లో. జనం లేని రాతి మైదానం, ఎండ, దుమ్ము, స్పీకర్లన్నీ మోసుకొచ్చారు, కరెంటు కోసం ఊళ్లోంచి కేబుల్ లాగాల్సి వచ్చింది, అయినా పెదాలు కదిపి సరిపెట్టలేదు, నిజంగా వాయించారు. నా ఓటు దానికే. తర్వాత డిక్ ప్యారీ శాక్సఫోన్ కూడా కలిసింది, 1975 జులై 5న ఇంగ్లాండ్‌లోని నెబ్‌వర్త్‌లో వాయించాక చాలా ఏళ్ళు పక్కన పెట్టేశారు. 1987 టూర్ మొదట్లో కొన్ని షోలు వాయించి మళ్ళీ ఆపేశారు.

సముద్రం_కింద:
పాంపేయ్ గొప్పదే, కాదనను, కానీ మీరు గ్దాన్స్క్ వినకుండా ఆగకండి. 2006 ఆగస్టు 26, పోలండ్‌లో షిప్‌యార్డ్, గిల్మర్ సోలో టూర్, కీబోర్డ్ మీద రైట్. పాతికేళ్ళ కుర్రాళ్ళు రాసుకున్న పాట అరవై ఏళ్ళ గొంతుల్లో, మొదటి లైన్‌కి ఇద్దరూ కలిసి అందుకుంటారే, నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. చివర్లో గిటార్ ఒక మాట అంటే కీబోర్డ్ బదులు చెప్తుంది, మళ్ళీ గిటార్, మళ్ళీ కీబోర్డ్, పక్కన ఎవరూ లేనట్టు. రైట్ 2008 సెప్టెంబర్ 15న పోయాడు, ఈ గ్దాన్స్క్ షో ఆల్బమ్‌గా వచ్చింది సరిగ్గా వారం తర్వాత. 2016లో గిల్మర్ మళ్ళీ పాంపేయ్‌కి వెళ్ళి కూడా ఎకోస్ వాయించలేదు, రిక్ లేకుండా చెయ్యనన్నాడు, మేమిద్దరం వాయించే తీరు ఇంకొకరికి నేర్పితే వచ్చేది కాదని. నాకైతే అది సబబే అనిపించింది. మేసన్ బ్యాండ్ 2022 నుంచి వాయిస్తోంది, వాళ్ళది శ్రద్ధగా ఉంటుంది, వినొచ్చు.

రాత్రి_హెడ్‌ఫోన్స్:
థ్యాంక్సండీ అందరికీ. గ్దాన్స్క్ ఇప్పుడే పెట్టా. ఆ టింగ్ వస్తుంటే ఈసారి రైట్ వేలు కనిపిస్తోంది.