మేమా, మనమా? మోరో దీవిలో ఒక పల్లవి

సందేహి: హెచ్.జి. వెల్స్ 1896 నాటి నవల ‘ది ఐలండ్ ఆఫ్ డాక్టర్ మోరో’లో, డాక్టరు కోసి కుట్టి మనుషుల్లా తీర్చిన మృగాలు చీకటి గుడిసెలో చట్టం వల్లిస్తాయి. నాలుగు కాళ్ల మీద నడవరాదు, చెట్ల బెరడు గీరరాదు. ప్రతి నియమం వెనకా ఒకటే పల్లవి. తెలుగులో అది ‘మేము మనుషులం కామా’ అవుతుందా, ‘మనం’ అవుతుందా? ఇంగ్లీషుకు ఈ తిప్పలు లేవు.

పాతపుస్తకం: మనమే. దీవిలో చిక్కుకుని ఈ కథ చెప్పే ప్రెండిక్ చేత కూడా బలవంతాన అనిపిస్తారు కదా. పైగా అప్పటికి అతనికి అసలు సంగతి తెలియదు. మోరో మనుషులనే కోసి మృగాలుగా మారుస్తున్నాడని, తర్వాతి వంతు తనదేనని వణుకుతున్నాడు.

కందప్రియ: గుడిసెలో సరే. చిరుతమనిషి తప్పు చేశాక మోరో అందరినీ పోగుచేసి మళ్లీ వల్లింపజేస్తాడు, గుర్తుందా? కొరడా పట్టినవాడి ముందు మోకరిల్లి ‘మనం’ అనే ధైర్యం ఎవరికి? అక్కడ ‘మేము’ తప్పదు.

అనాటమీ మాస్టారు: సర్వనామం మీరు తేల్చండి, నాకు ‘చట్టం’ దగ్గరే ఆగాలనిపిస్తుంది. బ్రిటన్‌లో 1876 నుంచి బతికున్న వెన్నెముక జంతువు మీద ప్రయోగానికి లైసెన్సు కావాలి. తోలు ఒలిచిన కుక్క ఒకటి తప్పించుకుని వీధిన పడ్డాకే మోరో ఇంగ్లండు వదిలాడు. దీవిలో అడిగేవాడు లేడు. ఈ పనిలో నీతి గురించి తానెన్నడూ తల బద్దలుకొట్టుకోలేదని తనే చెప్పుకుంటాడు. జీవశాస్త్రవేత్త హక్స్‌లీ శిష్యుడైన వెల్స్, ప్రాణిని మలచదగిన ముడిసరుకుగా చూపుతూ 1895లో వ్యాసం రాసి, మరుసటి ఏడాది ఆ వాదననే మోరో నోట పెట్టాడు. నాకు ఒళ్లు జలదరించేది అక్కడే.

పాతపుస్తకం: సగం మనిషి, సగం మృగం అంటే నాకు పోతన భాగవతంలో నరసింహుడి పద్యమే. ‘నరమూర్తి గాదు కేవల మృగమూర్తియు గాదు’...

కందప్రియ: మృగమూర్తా! ప్రాస ఏమైంది మహానుభావా? ‘నర’కు ‘హరి’. హరిమూర్తి.

పాతపుస్తకం: అయితే విష్ణువు కాదనా అర్థం?

కందప్రియ: అక్కడ హరి అంటే సింహం. నాలుగో పాదంలో ‘హరిమాయ’ దగ్గర విష్ణువు. కందమంత చోటులో ఇద్దరు హరులు! పోతన కాక ఇంకెవరు?

సందేహి: ఇంతకీ మేమా, మనమా?

పాతపుస్తకం: ఉండండి. పలుకుతున్నది హిరణ్యకశిపుడు. మొదటి హరినీ విష్ణువనే తీసుకుంటే పగవాడి అనుమానం ఇంకా పదునెక్కదూ?

కందప్రియ: రెండో పాదం చివర మొదలై మూడో పాదంలోకి సాగే ‘కేసరి యాకారము’ కళ్లెదుటే ఉండగానా? సరే, మీ లెక్కన ఆ ‘కేవల’ ఎవరికి అతుకుతుందో చెప్పండి.